ఫిట్స్ మాత్రలు ఆపి గంజాయి నూనె వెయ్యచ్చా? - సమాధానం

అన్నా, మాత్రలు మాత్రం ఆపబాక, ఉన్నట్టుండి ఆపితే ఆగకుండా ఫిట్స్ రావచ్చు. కావలిలో మీ నాయనకి గంజాయి నూనె ఇచ్చినాయన మెదడుని కాపాడిద్ది అన్నాడన్నావే, దాంట్లో సగం నిజం ఉంది, ఒక నరం కణం గ్లూటమేట్ (పక్క కణాన్ని ఉసిగొల్పే రసాయనం) మరీ ఎక్కువ వదిలితే అవతలి కణం అప్పటికప్పుడు టూ-ఏజీ (ఒంట్లోనే పుట్టే గంజాయి లాంటి రసాయనం) లాంటిది తయారుచేసి వెనక్కి పంపిద్ది, అది మొదటి కణం మీదుండే సీబీ1 రిసెప్టర్‌కి (గంజాయి రసాయనం కూడా తగిలే చోటు) తగిలితే కాలవకి తూము దించినట్టు ఆ పోత తగ్గిద్ది. కానీ అది కావాల్సిన చోట కాసేపు జరిగే పని. నూనె మెదడంతా తగిలిద్ది, పైగా దాంట్లో టీహెచ్‌సీ (గంజాయిలో కైపెక్కించేది) ఎంతుందో ఎవరికి తెలుసు? 2018లో అమెరికా ఒప్పుకున్న సీబీడీ (గంజాయిలోదే ఇంకో పదార్థం) మందు కూడా కొన్ని అరుదైన ఫిట్స్‌కే, ట్రయల్స్‌లో పాత మాత్రలకి తోడుగానే ఇచ్చారు. చీటీలో క్లోబజామ్ (ఇదీ ఫిట్స్ మాత్రే) ఉంటే సీబీడీతో నిద్రమత్తు ఇంకా పెరిగిద్ది. ఇప్పటికే వేసుంటే ఎన్ని చుక్కలో దాచకుండా న్యూరాలజిస్టుకి చెప్పు, రేపే పో అన్నా.