నర్సుల సంఘంలో జాయింట్ సెక్రటరీగా ఉండమంటున్నారు, ఒప్పుకోవాలా?

మీ ప్రశ్న చదివాను సిస్టర్. జిల్లా ఆస్పత్రిలో స్టాఫ్ నర్సుగా చేరి రెండేళ్లయింది. సంఘం పెద్దలు మిమ్మల్ని జాయింట్ సెక్రటరీగా నిలబడమంటున్నారు. "నీ పేరిస్తే చాలమ్మా, పని మేం చూసుకుంటాం" అన్నారట. అక్కడ నాలుగు విషయాలు నేర్పేవాళ్లు దొరుకుతారా, లేక మే 12న నర్సుల దినోత్సవం నాడు శాలువా, ఫొటోలతో సరా అని మీ అనుమానం. ఇంట్లో చిన్న బాబు ఉన్నాడని కూడా రాశారు.

ఒప్పుకోండి. ఒకే ఒక్క షరతు పెట్టండి: మినిట్స్ పుస్తకం, అంటే మీటింగులో ఏం మాట్లాడారో, ఏం తీర్మానించారో రాసే పుస్తకం, నేనే రాస్తాను అనండి.

నవ్వొస్తే నవ్వుకోండి గానీ, 26 ఏళ్ల సర్వీసులో 11 ఏళ్లు సంఘం పనికే పోయినదాన్ని, నాకు తెలిసిన దగ్గరి దారి అదే.

ముందు మిమ్మల్ని పిలుస్తున్నది ఏ సంఘమో తేల్చుకోండి. మనవాళ్లు అన్నిటినీ కలిపి "అసోసియేషన్" అనేస్తారు. బదిలీలు, ప్రమోషన్లు, సీనియారిటీ జాబితా, పీఆర్సీ చూసుకునే ప్రభుత్వ నర్సుల సర్వీసు సంఘాలు వేరు. టీఎన్ఏఐ, అంటే ట్రెయిన్డ్ నర్సెస్ అసోసియేషన్ ఆఫ్ ఇండియా వేరు. అది 1908లో పుట్టిన వృత్తి సంఘం, 1910 నుంచి సొంత పత్రిక కూడా నడుపుతోంది. ప్రభుత్వమా, ప్రైవేటా, కాలేజీలో పాఠాలు చెప్పేవాళ్లా అన్న తేడా అక్కడ లేదు. నర్సింగ్ స్కూల్లో ఎస్ఎన్ఏ ఫీజు కట్టి పోస్టర్ పోటీకో పాటల పోటీకో వెళ్లి ఉంటారు కదా, 1929లో మొదలైన ఆ విద్యార్థి విభాగం దీనిదే. చదువవగానే ఆ సభ్యత్వాన్ని టీఎన్ఏఐ సభ్యత్వంగా మార్చుకోవచ్చని మాకైతే ఎవరూ చెప్పలేదు. మీకు చెప్పారో లేదో.

సర్వీసు సంఘంలో ఉంటే ఫైలు నడక తెలుస్తుంది. ఏ కాగితం ఏ సెక్షన్‌కి పోతుంది, ఆర్‌డీ, అంటే రీజినల్ డైరెక్టర్ ఆఫీసులో ఎవరి బల్ల మీద పడుకుంటుంది, అవన్నీ. వృత్తి సంఘంలో చూపు ఇంకొంచెం దూరం పోతుంది. ప్రైవేటు ఆస్పత్రుల నర్సుల జీతాల మీద సుప్రీంకోర్టుకి వెళ్లింది టీఎన్ఏఐయే. 2016 జనవరిలో కోర్టు కమిటీ వెయ్యమంది. 200 పడకలు దాటిన ఆస్పత్రిలో ప్రభుత్వ నర్సుతో సమానంగా ఇవ్వాలని, 50 పడకల లోపు ఆస్పత్రిలో అయినా నెలకి 20,000కి తగ్గకూడదని ఆ కమిటీ చెప్పింది. మీ వీధి చివర నర్సింగ్ హోమ్‌లో చేసే అమ్మాయిని ఎంతొస్తోందని అడిగి చూడండి, అమలు సంగతి తెలిసిపోతుంది. ఢిల్లీలో సాధించుకొచ్చిన మాటని జిల్లాలో పట్టుకుని అడిగే మనిషి ఉండాలి. అలాంటి మనుషుల్ని తయారుచేసుకోవడం మనకి చాతకాలేదన్నది నా బాధ.

నేనెలా తయారయ్యానో చెబుతాను, గొప్పగా ఏమీ లేదు. చేరిన మూడో ఏడు మా వార్డు హెడ్ నర్సు కేరళ నుంచి వచ్చి ఇక్కడే స్థిరపడిన మనిషి. మేమంతా చేచ్చీ అనేవాళ్లం, మలయాళంలో అక్క అని. తెలుగు గడగడా మాట్లాడేవారు గానీ చదవడం, రాయడం రాదు. జిల్లా శాఖకి ఆవిడే కార్యదర్శి. ఒకరోజు మధ్యాహ్నం రెండింటికి డ్యూటీ దిగుతుంటే ఆపి, "నీ రాత గుండ్రంగా ఉంటుంది, ఓ అరగంట ఉండు" అన్నారు. నాయకత్వం, మార్గదర్శనం లాంటి మాటలేవీ మా మధ్య రాలేదు. ఆవిడకి తెలుగు రాసే చెయ్యి కావాలి, అంతే.

నల్ల అట్ట లాంగ్ నోటుబుక్కు, పేజీ నంబర్లు చేత్తో వేసినది. మొదటి మీటింగు గురించి ఇలా రాశాను: "సభ్యులందరూ నైట్ డ్యూటీ సమస్యపై కూలంకషంగా చర్చించి, తగు చర్యలు తీసుకోవాలని తీర్మానించిరి." ఆ "తీర్మానించిరి" చూసుకుని నేనే మురిసిపోయాను. చేచ్చి చదివించుకుని విన్నారు. "ఎవరు తీసుకుంటారు చర్యలు? ఏ తారీకు లోపల?" అన్నారు. నాకేం తెలుసు, మీటింగులో ఎవరూ చెప్పలేదు. "అక్కడే అడగాలి. రాసేవాళ్లు అడిగితే ఎవరూ ఏమనుకోరు" అన్నారు.

తర్వాతి మీటింగులో నాకంటే ఇరవై ఏళ్లు పెద్దావిడ ఒకరు "చూద్దాంలే" అని విషయం దాటేయబోతుంటే, పెన్ను పట్టుకుని "ఎవరి పేరు రాయమంటారు మేడం?" అన్నాను. గొంతు వణికింది. గదిలో ఫ్యాను చప్పుడు తప్ప ఏమీ లేదు. కాసేపటికి ఆవిడే "నా పేరే రాయమ్మా" అన్నారు. మూడేళ్ల సర్వీసు పిల్లకి ఆ ప్రశ్న మామూలుగా అడిగే ధైర్యం ఎక్కడిది? పుస్తకం చేతిలో ఉంది కాబట్టి అడిగాను.

ఆ నైట్ డ్యూటీ గొడవ ఏంటంటే, ఫిమేల్ మెడికల్ వార్డులో రాత్రి 8 నుంచి పొద్దున్న 8 దాకా ఒక్కరమే ఉండేవాళ్లం. సూపరింటెండెంట్‌కి వినతిపత్రం రాయమంటే గుండె కరిగేలా రెండు పేజీలు రాశాను. నైటింగేల్ దీపం కూడా పెట్టాను అందులో. చేచ్చి విని, మడిచి పక్కన పెట్టారు. "కష్టంగా ఉందని ఆయనకి తెలుసు. ఎంతమంది ఉన్నారో తెలీదు. అది రాయి." పద్నాలుగు రాత్రులు లెక్క తీయించారు. రాత్రి 12 గంటలకి వార్డులో ఎందరు, డ్యూటీలో ఎందరు, ఆక్సిజన్ మీద ఎందరు, రక్తం ఎక్కుతున్నది ఎందరికి. సగటు తీస్తే 42 మందికి ఒక నర్సు. పక్కనే ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ ప్రమాణం రాయించారు: జనరల్ వార్డులో మామూలు ఆస్పత్రికి ఐదుగురు పేషెంట్లకి ఒకరు, బోధనాసుపత్రికి ముగ్గురికి ఒకరు, సెలవుల కోసం ఇంకో 30 శాతం అదనం. ఆఖరికి వినతిపత్రం ముప్పావు పేజీకి దిగింది. ఒక పట్టిక, మూడు వాక్యాలు. అడిగింది మాత్రం రాత్రికి రెండో నర్సుని. ఐదుగురికి ఒకరు అని ఎందుకు అడగలేదు చేచ్చీ అంటే, "అది రాస్తే డైరెక్టరేట్‌కి పంపించి చేతులు దులుపుకుంటారు. రెండో మనిషిని ఈయనే ఇవ్వగలడు" అన్నారు.

సూపరింటెండెంట్ గదిలోకి ముగ్గురం వెళ్లాం. చేచ్చి కుర్చీ గోడవారకి లాక్కుని కూర్చున్నారు. ఆయన ఆవిడ వైపు చూసి "చెప్పండి సిస్టర్" అంటే, "లెక్క తీసింది ఈ అమ్మాయి సార్, తనే చెబుతుంది" అనేశారు. నాకు ముందు ఒక్క ముక్క చెప్పలేదు! నోరు పిడచకట్టుకుపోయింది. పట్టిక చూసి చదివానంతే. ఆయన ఒకటే అడిగారు: "సరే, ఆ రెండో నర్సుని ఏ వార్డు నుంచి తియ్యమంటారు?" నా దగ్గర జవాబు లేదు. చేచ్చి దగ్గర ఉంది. ఓపీ ఇంజెక్షన్ రూములో పొద్దున్న ముగ్గురున్నారని చెప్పారు. అడిగిందంతా రాలేదు, వారంలో నాలుగు రాత్రులకి మనిషిని ఇచ్చారు. బయటికొచ్చాక వరండాలో ఆగి, "ఆ ప్రశ్న వస్తుందని నీకు ముందే చెప్పాల్సింది, నాదే తప్పు" అన్నారు. సీనియర్ నోట ఆ మాట వినడం ఆస్పత్రిలో నాకదే మొదలు.

ఇంత చూసినదాన్ని నేనేం చేశానో కూడా చెప్పాలి. ఆవిడ రిటైరయ్యాక కార్యదర్శిని నేనే, నాలుగేళ్లు. మినిట్స్ నేనే, వినతిపత్రాలు నేనే, కలెక్టరేట్‌కి నేనే, ఆఖరికి నర్సుల దినోత్సవం ఫ్లెక్సీలో అక్షర దోషాలు చూసేదీ నేనే. చిన్నవాళ్లకి చెప్పి చేయించేలోపు నేను చేసేస్తే ఓ పనైపోతుంది అనిపించేది. ఇద్దరు చురుకైన పిల్లలు వచ్చారు. ఒకమ్మాయి కాంట్రాక్టు మీద చేసేది. ఆ అమ్మాయి రాసిన డ్రాఫ్టుని ఎర్ర పెన్నుతో మొత్తం తిరగరాసి, తనకో మాట చెప్పకుండా నా సంతకంతో పంపించేశాను. తప్పుల్లేని కాగితమే వెళ్లింది. ఆ అమ్మాయి మళ్లీ మీటింగు మొహం చూడలేదు. ఇంకొకతను మా బ్రదర్, అంటే మగ నర్సు, తర్వాత యూకే వెళ్లిపోయాడు. వెళ్లింది జీతం కోసమే అనుకోండి, కానీ వీడ్కోలు రోజున "నాకు కుర్చీలు వేయడం తప్ప ఇంకేం పని చెప్పారు మేడం?" అన్నాడు, నవ్వుతూనే.

ఆ మాట తర్వాతే కళ్లు తెరిచి మా మీటింగుల వైపు చూశాను. ఉదయం 11కి పెట్టేవాళ్లం. ఆ టైముకి వార్డు వదిలి రాగలిగేది ఎవరు? మాలాంటి సీనియర్లు. సగం వార్డులు నడిపే కాంట్రాక్టు, ఔట్‌సోర్సింగ్ పిల్లలకి అప్పట్లో మా దగ్గర ఓటూ లేదు, మీటింగులో చోటూ లేదు. రెండున్నరకి మార్చమని చెప్పింది ఒక ఔట్‌సోర్సింగ్ అమ్మాయే. మార్చాక ఉదయం డ్యూటీ దిగినవాళ్లు యూనిఫాంలోనే, టిఫిన్ బాక్సులతో వచ్చి కూర్చున్నారు. హాజరు పట్టీలో రెండో పేజీ తిప్పడం అదే మొదటిసారి. ఓటు ఇప్పించడానికి మాత్రం ఇంకో రెండేళ్లు పట్టింది, అదో పెద్ద కథ.

ఇక మీ దగ్గర ఎవరి పక్కన కూర్చోవాలి అంటారా. ఫ్లెక్సీలో పెద్ద ఫొటో ఉన్నవాళ్లు మంచివాళ్లే అయ్యుండొచ్చు, మీకు నేర్పే తీరిక మాత్రం వాళ్లకుండదు. ట్రెజరర్‌ని గమనించండి. క్యాష్ బుక్కు, రసీదు పుస్తకం చూడొచ్చా అంటే మొహం చిట్లించకుండా బీరువా తీసే మనిషైతే, ఆ మనిషిని వదలొద్దు. పరిచయమైన మొదటి రోజే "ఆవిడ ఆ వర్గం, ఈవిడ ఈ వర్గం" అని చెవిలో చెప్పేవాళ్లకి మీ ఓటుతోనే పని.

ఒక్క జాగ్రత్త. ఖాళీ లెటర్‌హెడ్ మీద సంతకం ఎవరడిగినా చెయ్యకండి. నేను జాయింట్ సెక్రటరీగా ఉన్నప్పుడు "అర్జంటు, తర్వాత టైపు చేయిస్తాం" అంటే చేశాను. అది ఎవరిదో బదిలీ సిఫార్సుగా వెళ్లింది. ఆరు నెలల తర్వాత ఆ సీటు పోయినావిడ నన్ను వరండాలో నిలదీస్తే గానీ నాకు తెలీలేదు. అదే సంఘంలో వరసగా కొన్నేళ్లు ఎన్నికల్లేవు, సర్వసభ్య సమావేశంలో లెక్కలు చదవడం సరిగ్గా బిర్యానీ గిన్నెల మూతలు తీసేటప్పుడే మొదలయ్యేది. మీది రిజిస్టరైన సొసైటీ అయితే, 2001 నాటి సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం కింద ఏటా సర్వసభ్య సమావేశం పెట్టాలి, కార్యవర్గం జాబితా రిజిస్ట్రార్‌కి ఇవ్వాలి. బైలాస్, అంటే సంఘం నియమావళి, కాపీ ఒకటి అడిగి తీసుకోండి. పోట్లాటకి కాదు, ఊరికే చదువుకుంటానని అడగండి.

ఇప్పుడే ఎందుకు చేరమంటున్నానంటే ఇంకో కారణం కూడా ఉంది. 1947 నాటి నర్సింగ్ కౌన్సిల్ చట్టం స్థానంలో 2023లో నేషనల్ నర్సింగ్ అండ్ మిడ్‌వైఫరీ కమిషన్ చట్టం వచ్చింది, రాష్ట్రాల్లోనూ కమిషన్లు ఉండాలి. మన చదువు, మన రిజిస్ట్రేషన్ గురించి మాట్లాడే ఆ గదుల్లోకి బెడ్ పక్కన పనిచేసే మనిషి మాట వెళ్లాలంటే, సరిగ్గా రాయగలిగినవాళ్లు జిల్లాకి నలుగురైనా కావాలి.

బాబు సంగతి. నెలకో మీటింగు, రెండు సాయంత్రాలు రాత పని, మొదటి ఏడాది అంతకుమించి ఒప్పుకోకండి. రాష్ట్ర సమావేశాలకి రమ్మంటే వచ్చే ఏడాది చూద్దాం అనండి. మా పాప చిన్నప్పుడు నేను మినిట్స్ వంటింటి గట్టు మీద, కుక్కర్ విజిల్స్ లెక్కపెట్టుకుంటూ రాసేదాన్ని. ఒక తీర్మానం మీద ఇప్పటికీ పసుపు మరక ఉంది.

పెద్దలకి ఎలా చెప్పాలో తోచకపోతే ఇలా అనండి: "ఉంటాను అక్కా, కానీ ఊరికే ఉండలేను. మినిట్స్ రాయనివ్వండి, మూణ్ణెల్లు మీరు దిద్దండి." దిద్దడానికి ఎవరు ముందుకొస్తారో చూడండి. ఎవరూ రాకపోతే ఆ మూణ్ణెల్లు నాకు పంపండి, ఎర్ర పెన్ను ముట్టుకోనులెండి.