డెంగీ అని చెప్పి ఇంట్లోకొచ్చి డ్రమ్ముల్లో నీళ్లు పారబోయమంటున్నారు, ఒప్పుకోవాల్సిందేనా?

నెల్లూరులో మీ వీధిలో ఒకరికి డెంగీ వచ్చిందనీ, వార్డు సచివాలయం వాళ్లు వచ్చి నీళ్ల డ్రమ్ములు ఖాళీ చేయకపోతే నోటీసు ఇస్తామన్నారనీ, అసలు ఇంట్లోకి వచ్చే హక్కు వాళ్లకుందా అనీ అడిగారు. మాది ఒంగోలు. నాలుగేళ్ల కిందట ఇదే మాట అడిగి వాళ్లను గేటు దగ్గర్నుంచే పంపించేశాను. అందుకే చెబుతున్నా.

హక్కు ఉంది. కరోనా అప్పుడు అందరం విన్న 1897 నాటి అంటువ్యాధుల చట్టం బొంబాయి ప్లేగు కాలంలో పుట్టింది. దోమల విషయానికి అంత దూరం పోనక్కర్లేదు. మద్రాసు ప్రెసిడెన్సీలో 1939లో వచ్చిన ప్రజారోగ్య చట్టం ఉంది. అప్పుడు మీ నెల్లూరూ, గుంటూరు జిల్లాలో ఉన్న మా ఒంగోలూ రెండూ దాని కిందివే. ఆంధ్ర ప్రాంతానికి ఆ చట్టం తర్వాత కూడా కొనసాగింది. దోమలు పుట్టేలా ఇంట్లో నీళ్లు నిలవ పెట్టకూడదని అందులో ఉంది. కాబట్టి వాదించి లాభం లేదు.

కానీ మీ కోపం నాకు అర్థమవుతుంది. సాగర్ కాలువ నీళ్లతో బతికే ఊరు మాది. మా వీధికి అప్పట్లో మూడు రోజులకోసారి కుళాయి వచ్చేది, ఎండాకాలం అయితే ఇంకా ఆలస్యం. అలాంటి చోట డ్రమ్ము వంచమంటే ఎవరికైనా మండుతుంది. "ఇవి పారబోస్తే ఎల్లుండి దాకా మేం ఏం తాగాలమ్మా" అన్నాను సచివాలయం నుంచి వచ్చిన ఏఎన్ఎంతో, అంటే ఆరోగ్య కార్యకర్తతో. ఆమె రిజిస్టర్‌లో ఏదో రాసుకుని వెళ్లిపోయింది.

పది రోజులకు మా పాపకు జ్వరం. ప్రైవేటు ల్యాబులో కార్డు టెస్టు పాజిటివ్ వచ్చింది. ఇక్కడ ఒక విషయం గుర్తుంచుకోండి. కార్డు టెస్టులో తేలితే సర్కారు లెక్కలో అది అనుమానిత కేసు మాత్రమే. ఎలైజా అనే ల్యాబు రక్త పరీక్ష చేస్తేనే డెంగీ అని నిర్ధారిస్తారు. జ్వరం మొదలైన ఐదు రోజుల్లోపు అయితే రక్తంలో ఎన్ఎస్1 (వైరస్ ప్రోటీన్), ఆ తర్వాత అయితే ఐజీఎం (వైరస్‌పై ఒంట్లో తయారయ్యే యాంటీబాడీ) చూస్తారు. చాలామంది ప్రైవేటులో చూపించుకుని గుట్టుగా ఉండిపోతారు. కబురు సచివాలయం దాకా పోకపోతే ఆ వీధిలో పని మొదలవదు, పక్కింటి పిల్లాడికీ వస్తుంది.

ఈసారి ఏఎన్ఎం, ఆశా కార్యకర్త ఇద్దరూ వచ్చారు. నేను నోరు మూసుకుని లోపలికి రమ్మన్నాను. డ్రమ్ముల జోలికి ఏఎన్ఎం పోలేదు. వాటి మీద నేనే జాగ్రత్తగా కట్టిన ప్లాస్టిక్ పట్టా మీద టార్చి వేసి, "మీ డ్రమ్ములు బాగానే ఉన్నాయన్నా, మరి ఇదేంది?" అంది. అక్టోబరు వానలకు పట్టా మధ్యలో కుంగి గ్లాసుడు నీళ్లు నిలిచాయి. అందులో సన్నటి పురుగులు మెలికలు తిరుగుతున్నాయి. పాపకు కుట్టింది ఆ దోమో, బళ్లో దోమో ఎవరూ చెప్పలేరులెండి. నాకు మాత్రం ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

ఆమె చెప్పింది ఇదీ. గుడ్డు నుంచి దోమ కావడానికి వారం పది రోజులు పడుతుంది, అందుకే వారానికోసారి నీళ్ల పాత్రలు ఖాళీ చేసి ఆరబెట్టే ఫ్రైడే డ్రైడే. (శుక్రవారం ఎటూ ఇల్లు కడుగుతాం కాబట్టి మా ఆవిడకు గుర్తుండిపోయింది.) నీళ్లు వంచితే చాలదు, గుడ్లు డ్రమ్ము గోడకు అంటుకుని నెలల తరబడి ఎండిపోయినా బతుకుతాయి. పీచుతో గట్టిగా రుద్దాలి. నీళ్లు అయిపోయిన రోజే ఆ పని పెట్టుకుంటే ఒక్క బిందె కూడా వృథా కాదు. నిండుగా ఉంటే పాత పంచె రెండు మడతలు వేసి అంచు చుట్టూ తాడుతో బిగించి కట్టాలి, పట్టా వద్దు. దోమ పిల్లలను చంపే అబేట్ మందు తాగే నీళ్లలో కూడా మోతాదు ప్రకారం వేయొచ్చని ప్రపంచ ఆరోగ్య సంస్థే అంటుంది కానీ, మా ఆవిడ ససేమిరా అంది. వాడుక నీళ్లకే వేయించాం.

పొగ బండి రాలేదని మా వీధిలో పెద్ద గోల చేశారు. పొగకు ఎగిరే దోమలు చస్తాయి, నీళ్లలో ఉన్నవి చావవు. అది వచ్చినా రాకపోయినా మేడ మీద కొబ్బరి చిప్పలు ఉన్నన్నాళ్లూ ఇంతే. ఇంకొకటి, జ్వరం ఉన్న మనిషిని పగలు కూడా దోమతెరలో పడుకోబెట్టాలి. ఈ దోమ కుట్టేది పగలే. చుట్టాలు నవ్వారు, నవ్వనిచ్చాం.

మీ ఇంటికి మళ్లీ వస్తే, "నీళ్లు పారబోయలేం, మందు వేసి మూత ఎలా కట్టాలో చూపించండి" అని అడగండి. ఒప్పుకుంటారు. వాళ్లతో పాటు మీరూ మేడ ఎక్కండి, ఆ తర్వాత ఫ్రిజ్ వెనక ట్రే కూడా లాగి చూడండి. మా ఇంట్లో రెండోసారి దొరికింది అందులోనే.