మనుషులు మానేయకుండా చూడటం కూడా ఒక ఉద్యోగమేనా?

ప్రశ్న: మాది ఒడిశాలోని రాయగడ. బట్టల షాపు ఉంది, 14 మంది పనిచేస్తారు. దసరా బోనస్ చేతికి రాగానే ఏటా కొందరు మానేస్తారు. కొత్తవాళ్లకు మళ్లీ చీర మడత దగ్గర్నుంచి రేటు కోడు దాకా నేర్పాలి. అందుకే ఒక నెల జీతం నా దగ్గరే ఉంచుతాను, చెప్పకుండా పోతే ఇవ్వను. మా అమ్మాయి బీకాం అయింది. హైదరాబాద్‌లో ఒక ప్రైవేట్ కాలేజీలో ఎంబీఏ హెచ్ఆర్ అనలిటిక్స్ (ఉద్యోగుల వివరాల మీద లెక్కలు వేసే చదువట) చేస్తానంటోంది. ఫీజు 12 లక్షలు. ఉద్యోగులు మానేయకుండా చూడటమే హెచ్ఆర్ పనట! ఇన్నేళ్లుగా నా వల్ల కానిది ఈ పిల్ల చదివి చేస్తుందా? పైగా కుర్రాళ్లు పోవడానికి నేనే కారణమంటోంది. చదువయ్యాక మూడేళ్లు షాపు చూసుకుంటానని స్టాంపు పేపరు మీద రాస్తే ఫీజు కడతానన్నాను. ఆ కోర్సు మంచిదా, బరంపురంలోనో విశాఖలోనో యూనివర్సిటీలో చదివించడం మంచిదా?

జవాబు: అయ్యా, కోర్సుల సంగతికి వస్తాను. ముందు ఆ స్టాంపు పేపరు ఆలోచన మానుకోండి. రాయగడ, గుణుపురం, పర్లాకిమిడి, జయపురం వైపు తెలుగు కుటుంబాల నుంచి నాకు ఇలాంటి ప్రశ్నలు చాలా వస్తాయి. ఏ కోర్సు మంచిదని అడుగుతారు. అసలు టెన్షన్ మాత్రం పిల్ల పట్నం వెళ్తే మళ్లీ ఇటు వస్తుందా, ఈ వ్యాపారం ఎవరు చూస్తారు అని. మీరు దాన్ని దాచుకోకుండా రాశారు, అంతవరకు సంతోషం.

బాండు రాయించుకునే కంపెనీలూ ఉన్నాయి. మూడేళ్లలోపు మానేస్తే 2 లక్షలు కట్టాలని ఒక ప్రభుత్వరంగ బ్యాంకు పెట్టిన షరతు చెల్లుతుందని 2025 మేలో సుప్రీంకోర్టు చెప్పింది. కాబట్టి బాండ్లన్నీ చెల్లవని నేననను. కానీ బాండు మీద చేరిన పిల్లలు నా దగ్గరికి వస్తుంటారు. వాళ్లు పని గురించి మాట్లాడరు, ఇంకా ఎన్ని నెలలున్నాయో చెబుతారు. మీ అమ్మాయి గల్లాపెట్టె దగ్గర కూర్చుని అలా నెలలు లెక్కపెట్టుకోవాలనా మీ కోరిక?

ఇక ఇది ఉద్యోగమేనా అన్న ప్రశ్న. అవును, పాత ఉద్యోగమే. అమెరికాలో ఫోర్డ్ కార్ల కంపెనీకి 1913లో మీ కష్టమే వచ్చింది. పనివాళ్లు ఎంత వేగంగా మానేసేవాళ్లంటే, వంద మందిని ఏడాదంతా పనిలో ఉంచాలంటే 370 మందిని చేర్చుకోవాల్సి వచ్చేది. 1914 జనవరిలో రోజు కూలిని దాదాపు రెట్టింపు చేసి 5 డాలర్లు ఇస్తామన్నారు, పని గంటలు తొమ్మిది నుంచి ఎనిమిదికి తగ్గించారు. మానేసేవాళ్లు బాగా తగ్గిపోయారు. (ఆ కూలి ఇవ్వడానికి పనివాళ్ల ఇళ్లకు మనుషుల్ని పంపి, తాగుతున్నారా, పొదుపు చేస్తున్నారా అని ఆరా కూడా తీసేవాళ్లు. అది మాత్రం నేర్చుకోకండి.) అంత దూరం ఎందుకు, మన పక్కనున్న జంషెడ్‌పూర్‌లో టాటా వాళ్లు 1912లోనే ఎనిమిది గంటల పని, 1920లో ప్రావిడెంట్ ఫండ్, జీతంతో సెలవు ఇచ్చారు. పీఎఫ్ చట్టం వచ్చింది 1952లో.

మీరు జీతం పట్టి ఉంచి మనిషిని ఆపాలనుకుంటున్నారు. ఒకమాట గట్టిగా అంటున్నాను, ఏమీ అనుకోకండి. అది ఆపడం కాదు, వాడి డబ్బు మీరు ఉంచుకోవడం. 2025 నవంబర్ 21 నుంచి అమల్లోకి వచ్చిన వేతనాల కోడ్ ప్రకారం, మనిషి రాజీనామా చేసినా, మీరే తీసేసినా, రెండు పనిదినాల్లో బాకీ జీతం చెల్లించాలి. పది మంది, అంతకంటే ఎక్కువ మంది పనిచేసే షాపుకు గ్రాట్యుటీ కూడా వర్తిస్తుంది. ఐదేళ్లు నిండినవాడికి ఏడాదికి 15 రోజుల జీతం చొప్పున ఇవ్వాలి. ఈ సంగతి మీ కుర్రాళ్లకు ఎప్పుడైనా చెప్పారా? ఐదేళ్లుంటే ఏదో వస్తుందని తెలియనివాడు దసరా దాకా ఉండటమే ఎక్కువ.

ఇంకొకటి. మీ షాపులో కుర్చీలున్నాయా? కొనేవాళ్లకు కాదు, అమ్మేవాళ్లకు. కేరళలో బట్టల షాపుల్లో రోజంతా నిలబడి పనిచేసిన ఆడవాళ్లు పోరాడితే 2018లో అక్కడ కూర్చునే హక్కు చట్టంలోకి వచ్చింది. 2021లో తమిళనాడు కూడా అలాంటి చట్టం చేసింది. ఉద్యోగం మానేసి నా దగ్గరికి వచ్చిన పిల్లలను ఎందుకు మానేశావని అడుగుతుంటాను. మొదట జీతం తక్కువంటారు. కాసేపు మాట్లాడనిస్తే అసలు సంగతి బయటికొస్తుంది. చెల్లి పెళ్లికి సెలవివ్వలేదు, రాత్రి షిఫ్టు అయ్యాక ఇంటికి బస్సు లేదు, జీతం ఒక నెల ఏడో తారీఖున, ఒక నెల పదిహేడున ఇస్తారు, కొత్తవాడికి తనకంటే ఎక్కువ ఇచ్చారు, కస్టమర్ల ముందు తిట్టారు. మీ అమ్మాయి చిన్నప్పటి నుంచి ఆ షాపులో తిరిగింది. ఆమె చెప్పిన కారణం వినకుండానే మీకు కోపం వచ్చింది. కారణం అడిగి తెలుసుకోవడమే హెచ్ఆర్ పనిలో కష్టమైన భాగం. ఆమె అది ఫీజు లేకుండానే మొదలుపెట్టింది.

ఆమెకూ ఒకమాట చెప్పాలి. ఈ హెచ్ఆర్ అనలిటిక్స్ అనే పేరు మీద నాకు పెద్ద నమ్మకం లేదు. ఎవరు మానేస్తారో కంప్యూటర్ ముందే చెప్పేస్తుందని కాలేజీల బ్రోచర్లు ఊదరగొడుతున్నాయి. ఆ కోర్సులు చేసి వచ్చినవాళ్ల రెజ్యూమెలు చూడండి. మానేసేవాళ్లను అంచనా వేసే ప్రాజెక్ట్ చాలావాటిలో ఉంటుంది, అందులోని డేటా కూడా చాలావరకు ఒకటే. ఐబీఎం వాళ్లు నేర్చుకునేవారి కోసం తయారుచేసిన 1,470 మంది ఉద్యోగుల పట్టిక అది. ఆ ఉద్యోగులు కల్పితం, వాళ్లలో ఒక్కరూ ఎక్కడా పనిచేయలేదు, ఎక్కడా మానేయలేదు. దానిమీద లెక్కలు వేయడం నేర్చుకోవడానికి పనికొస్తుంది, తప్పులేదు. అది చేసినంత మాత్రాన మనుషుల్ని నిలబెట్టడం వచ్చేసిందనుకుంటేనే చిక్కు. ఏ రంగు చీర అమ్ముడుపోలేదో మీ బిల్లింగ్ కంప్యూటర్ చెబుతుంది, ఎందుకు నచ్చలేదో కౌంటరు దగ్గర నిలబడ్డ కుర్రాడికే తెలుస్తుంది. ఇదీ అంతే. పైగా ఫలానావాడు మానేసేలా ఉన్నాడని తెలియగానే వాడికి ఇంక్రిమెంట్ ఆపేసే మేనేజర్లున్నారు. అప్పుడు ఆ అంచనా ఎలాగూ నిజమవుతుంది!

ఎక్సెల్, కాస్త గణాంకాలు వస్తే చాలు, ఈ లెక్కలు ఉద్యోగంలో చేరాక నేర్చుకోవచ్చు. దీనికోసం 12 లక్షలు అప్పు చేసి కట్టాలంటే నేను వద్దంటాను. జంషెడ్‌పూర్ ఎక్స్ఎల్ఆర్ఐలోనో, ముంబయి టిస్ (టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సోషల్ సైన్సెస్)లోనో సీటొస్తే వేరే మాట, అప్పు చేసైనా పంపండి. పేరు తెలియని కాలేజీకి ఆ డబ్బు ఎందుకు?

మీరు అడిగిన పోలిక ఇంకొంచెం ఉంది. భువనేశ్వర్‌లో ఉత్కళ యూనివర్సిటీలో పర్సనెల్ మేనేజ్‌మెంట్ (ఉద్యోగుల నిర్వహణ), ఇండస్ట్రియల్ రిలేషన్స్ కోర్సు ఉంది. బరంపురంలోనూ ఆ తరహా చదువుంది. విశాఖలో ఆంధ్రా యూనివర్సిటీలో ఎంహెచ్ఆర్ఎం (మాస్టర్ ఆఫ్ హ్యూమన్ రిసోర్స్ మేనేజ్‌మెంట్) ఉంది. పేర్లు పాతగా వినిపిస్తాయి. కార్మిక చట్టాలు, యూనియన్లతో మాట్లాడటం, సంక్షేమం గట్టిగా నేర్చుకోవాలంటే ఇలాంటి చోటే నయం. ఆ చట్టాలే ఇప్పుడు మారాయి కూడా. పాత ఫ్యాక్టరీల చట్టం ప్రకారం 500 మంది కార్మికులుంటే వాళ్ల సంక్షేమం చూసే వెల్ఫేర్ ఆఫీసర్‌ను పెట్టాల్సి ఉండేది. వేతనాల కోడ్‌తో పాటే వచ్చిన వృత్తి భద్రత, ఆరోగ్యం, పని పరిస్థితుల కోడ్‌లో అది 250. కొత్త చట్టం చదివి వచ్చే బ్యాచ్‌కు ఇది చిన్న సంగతి కాదు.

మీ జిల్లాలోనే జేకేపురంలో పేపరు మిల్లు, కాశీపూర్ వైపు ఉత్కళ్ అల్యూమినా, తేరుబలిలో ఫెర్రో అల్లాయ్స్ ఫ్యాక్టరీ ఉన్నాయి. పక్కన కోరాపుట్ జిల్లాలో దమన్‌జోడీ నాల్కో, సునాబేడా హెచ్ఏఎల్. అక్కడ హెచ్ఆర్‌లో చేరినవాళ్లకు కాంట్రాక్టు కార్మికుల జీతాలు, గేటు పాసులు, క్యాంటీన్ గొడవలతోనే చాలా పొద్దు గడుస్తుంది. మెరిసే ఉద్యోగం కాదు, కానీ నిలబడే ఉద్యోగం. వెల్ఫేర్ ఆఫీసర్‌కు కార్మికుల్లో ఎక్కువమంది మాట్లాడే భాష రావాలని రాష్ట్రాల నిబంధనల్లో సాధారణంగా ఉంటుంది. మీ అమ్మాయికి ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా, బజారులో హిందీ. షాపుకు వచ్చే ఆదివాసీలతో మాట్లాడి వాళ్ల కువి భాష కూడా కొంత వచ్చి ఉంటుంది. హైదరాబాద్ నుంచి వచ్చే ఎంబీఏకు ఇవన్నీ ఎక్కడివి? ఇంటి దగ్గర పెరగడం వెనకబాటు అనుకునే పిల్లలకు ఈమాట నేను పదేపదే చెబుతాను.

ఆమె హైదరాబాద్‌లో ఉండిపోతుందేమోనని భయపడకండి. ఉండిపోయినా కొంప మునగదు. ఆమె రాకపోతే షాపు మూతపడుతుందంటే, ఆ 14 మందిలో బాధ్యత ఇవ్వదగినవాడు ఒక్కడూ లేడనేగా? ఉన్నాడేమో చూడండి. అలాంటివాడికి కొనుగోళ్లకు వెళ్లే పని అప్పగించి, జీతం పెంచితే ఈసారి దసరా తర్వాత కూడా ఉండొచ్చు.

ఆమెను ఈ నెల ఒక పని చేయనివ్వండి. మానేసి వెళ్లిన కుర్రాళ్లకు ఫోన్ చేసి ఎందుకు వెళ్లారో అడిగి రాసుకోమనండి. ముందు వాళ్ల బాకీ జీతాలు ఇచ్చేయండి, లేకపోతే ఫోన్ ఎత్తరు. ఆ కాగితం మీరూ చదవండి. ఈలోగా మీరనుకుంటున్న యూనివర్సిటీలకు ఫోన్ చేసి మూడు విషయాలు కనుక్కోవాలి: వెల్ఫేర్ ఆఫీసర్ ఉద్యోగానికి ఆ డిగ్రీని ఒడిశా ప్రభుత్వం గుర్తిస్తుందా, కొత్త లేబర్ కోడ్‌లు సిలబస్‌లో చేరాయా, ఇంటర్న్‌షిప్‌కు ఫ్యాక్టరీకి పంపుతారా. ఆ ఫోన్లు మీరు చేయకండి, ఆమెనే చేయనివ్వండి.