కుక్కకు ప్లేట్‌లెట్లు పడిపోతే స్టెరాయిడ్ ఎప్పుడు?

ప్రశ్న: మిరప కల్లం దగ్గర కాపలా ఉండే మా కుక్కకు (20 కిలోలు) పొట్ట కింద, చిగుళ్ల మీద ఎర్రటి చుక్కలు వచ్చాయి. ముక్కు నుంచి రక్తం కారుతోంది. ప్లేట్‌లెట్లు 18 వేలే ఉన్నాయట. ఒంట్లోని రోగనిరోధక శక్తే వాటిని నాశనం చేస్తోందని, స్టెరాయిడ్ వాడాలని అంటున్నారు. వాడమంటారా?
– ఒక రైతు, ప్రత్తిపాడు మండలం, గుంటూరు జిల్లా

జవాబు: ముందు ఆ 18 వేలు నిజమో కాదో తేల్చుకోండి. నరం దొరక్క సూదితో వెతికినా, ఊదా మూత ట్యూబులో పోసిన రక్తాన్ని వెంటనే మెల్లగా తిప్పి కలపకపోయినా ప్లేట్‌లెట్లు గుంపులుగా అతుక్కుంటాయి. మిషన్ వాటిని సరిగా లెక్కపెట్టలేక తక్కువ చూపిస్తుంది. అదే రక్తంతో స్లైడ్ తీసి మైక్రోస్కోపు ఆయిల్ లెన్సు కింద చూడమనండి. పూత చివరి అంచున గుంపులు లేకుండా, ఒక్కో ఫీల్డుకు ఒక్క ప్లేట్‌లెట్ చొప్పున కనిపిస్తే మైక్రోలీటరుకు దాదాపు 15 వేలు ఉన్నట్టు. ఆరోగ్యంగా ఉన్న కుక్కకు సుమారు 2 నుంచి 5 లక్షలు ఉంటాయి. మీరు చెప్పిన లక్షణాలను బట్టి లెక్క నిజమే అయ్యుండొచ్చు, అయినా స్లైడ్ చూడాల్సిందే.

తర్వాత పిడుదులు. మన వైపు ఇలాంటి కేసులో మొదటి అనుమానం పిడుదు కాటుతో వచ్చే ఎర్లీకియా జబ్బు మీదే. స్లైడులో క్రిమి కనబడలేదని అది లేదనుకోవద్దు, చాలాసార్లు కనబడదు. యాంటీబాడీ కిట్టుతో పాటు పీసీఆర్ (రక్తంలో క్రిమి జన్యువును పట్టే పరీక్ష) చేయించండి. పీసీఆర్‌కు రక్తం మందు మొదలుపెట్టక ముందే తీయాలి. తీసిన వెంటనే, రిపోర్టు కోసం ఆగకుండా డాక్సీసైక్లిన్ అనే యాంటీబయాటిక్ మొదలుపెట్టించండి: కిలో బరువుకు 10 మి.గ్రా., అంటే మీ కుక్కకు రోజుకు 200 మి.గ్రా., 28 రోజులు. అన్నంలో కలిపి పెట్టండి. ఉత్త మాత్ర అన్నవాహికలో ఇరుక్కుంటే పుండు పడుతుంది.

కల్లం చుట్టూ బ్రోమాడియోలోన్ ఎలుకల మందు పెట్టారా? పెడితే డాక్టరుకు తప్పక చెప్పండి. అది విటమిన్ కె పనిని ఆపి రక్తం గడ్డకట్టనివ్వదు. దానివల్ల సన్న చుక్కలకంటే చర్మం కింద పెద్ద వాపులు, ఛాతీలో రక్తం చేరి ఆయాసం ఎక్కువగా వస్తాయి. రక్తం గడ్డకట్టే సమయాన్ని కొలిచే పీటీ పరీక్షలో తేలుతుంది, వైద్యం విటమిన్ కె1. ఈమధ్య సల్ఫా మందులు వాడినా చెప్పండి. గడ్డలేమైనా ఉన్నాయేమో ఛాతీ ఎక్స్‌రే, పొట్ట స్కాన్‌లో చూస్తారు.

ఇవేవీ కాదని తేలాకే రోగనిరోధక సమస్య అని నిర్ణయించాలి. దాన్ని ఖాయంగా చెప్పే ఒకే ఒక్క పరీక్ష లేదు. అప్పుడు ప్రెడ్నిసొలోన్ అనే స్టెరాయిడ్, కిలోకు రోజుకు 2 మి.గ్రా. వారంలో ప్లేట్‌లెట్లు లేవడం మొదలవ్వాలి. లేచాయని ఒక్కసారిగా మానేస్తే జబ్బు తిరగబెడుతుంది, నెలల తరబడి కొద్దికొద్దిగా తగ్గించాలి. రక్తం బాగా పోతుంటే, నమూనాలు తీశాక డాక్సీ, స్టెరాయిడ్ రెండూ కలిపి మొదలుపెట్టే నిర్ణయం డాక్టరు తీసుకోవచ్చు, అది తప్పు కాదు.

ఈలోగా కండలోకి ఇంజెక్షన్లు వద్దు. నొప్పికీ జ్వరానికీ మెలాక్సికామ్, ఆస్పిరిన్ అసలు వద్దు, స్టెరాయిడ్‌తో కలిస్తే కడుపులో రక్తస్రావమే. మెడకు గొలుసు తీసేయండి, ఎముకలు వేయకండి. బొప్పాయి ఆకు రసం పోస్తూ రోజులు గడపకండి. చిగుళ్లు తెల్లబడినా, మలం తారులా నల్లగా వచ్చినా రక్తం ఎక్కించాల్సి రావచ్చు. ఆ రోజే గన్నవరం పశువైద్య కళాశాల ఆసుపత్రికి తీసుకెళ్లండి.