రౌటర్ సూట్‌కేసులో పెట్టకండి

ఈ సెలవులకు కూకట్‌పల్లిలో ఉన్నాను. డాలస్‌కు చదువుకు వెళ్తున్న మా అక్క కొడుకు సామాను సర్దుతూ, "మామయ్యా, ఇంట్లో రౌటర్ ఒకటి ఖాళీగా పడి ఉంది, పట్టుకెళ్లనా?" అని అడిగాడు. ఆగస్టులో విమానం ఎక్కబోయే మిగతావారికీ ఇదే సందేహం ఉండవచ్చు కాబట్టి జవాబు అందరికీ రాస్తున్నాను.

వద్దు. ఫైబర్ కంపెనీవారు బిగించిన పెట్టె వారి లైనుకు తప్ప మరొకచోట పనికిరాదు. సొంతంగా కొన్నదైనా ఇక్కడి నిబంధనలకు తగ్గట్టు అమర్చి ఉంటుంది. వైఫై నడిచే రేడియో తరంగాల పట్టీలు (బ్యాండ్లు) మూడు: 2.4, 5, 6 గిగాహెర్ట్జ్. ఒక్కో పట్టీలో దారుల్లాంటివి చానళ్లు. 2.4 గిగాహెర్ట్జ్‌లో మనం వాడే 12, 13 చానళ్లు అమెరికాలో మామూలుగా వాడరు. ఆ బరువుకు ఇంకో ఆవకాయ సీసా పెట్టుకోండి.

రౌటర్‌తో పాటు ఇక్కడే వదిలి వెళ్లవలసిన అలవాటు ఒకటుంది. హైదరాబాద్ ఫ్లాట్లలో ఇటుక గోడలు, సిమెంటు స్లాబులు. 5 గిగాహెర్ట్జ్ హాల్లో బ్రహ్మాండంగా ఉంటుంది, వెనక పడకగదికి చేరేసరికి నీరసపడుతుంది. అందుకని మనవాళ్లు గోడలు బాగా దాటే 2.4ను పట్టుకుని వేలాడతారు. అక్కడి అపార్ట్‌మెంట్లలో లోపలి గోడలు చాలావరకు చెక్క చట్రానికి జిప్సం పలకలు బిగించినవి. వాటిని 5 పెద్దగా అలసిపోకుండానే దాటుతుంది. అయితే మీ సిగ్నల్ దాటినట్టే పక్కింటివాళ్లదీ దాటి వస్తుంది. ఇక్కడ మన బాధ గోడలతో, అక్కడ ఇరుగుపొరుగుతో.

2.4లో ఒకదాని మీద ఒకటి పడని చానళ్లు మూడే: 1, 6, 11. చుట్టుపక్కల ఇళ్ల రౌటర్లన్నీ ఆ మూడింటిలోనే తోసుకోవాలి. మైక్రోవేవ్ ఓవెన్ పనిచేసేదీ ఆ పక్కనే, 2.45లో. అమ్మకు ఇక్కడ ఉదయం ఏడు గంటలంటే వేసవిలో డాలస్‌లో రాత్రి ఎనిమిదిన్నర, భవనమంతా సినిమాలు పెట్టుకుని కూర్చునే వేళ. మీరు 2.4లో వీడియో కాల్ చేస్తుండగా రూమ్మేటు అన్నం వేడి చేసుకున్నాడనుకోండి, అమ్మ ముఖం గళ్లు గళ్లుగా విడిపోతుంది. ఇంటర్నెట్ ప్లాను పెంచి డాలర్లు తగలేసే ముందు ఫోనును 5కు మార్చి చూడండి. వైఫై పేరు చివర 5జీ అని కనిపిస్తే అది ఈ 5 గిగాహెర్ట్జే, మొబైల్ 5జీతో దానికి చుట్టరికం లేదు.

5లోనూ ఒక తిరకాసుంది. అందులో 52 నుంచి 144 వరకు చానళ్లను రాడార్లతో పంచుకోవాలి. డాలస్ విమానాశ్రయాల వాతావరణ రాడార్లు 5.6 గిగాహెర్ట్జ్ చుట్టుపక్కలే పనిచేస్తాయి. రాడార్ జాడ తగలగానే రౌటర్ ఆ చానల్ వదిలి పారిపోవాలి, అది నియమం. విమానాశ్రయం దగ్గర ఇల్లు తీసుకుని, కనెక్షన్ అకారణంగా తెగుతూ ఉంటే 36–48 లేదా 149–161 చానళ్లలో పెట్టండి.

ఇక 6 గిగాహెర్ట్జ్. అమెరికాలో 2020 ఏప్రిల్‌లో 5.925 నుంచి 7.125 గిగాహెర్ట్జ్ వరకు, అంటే 1,200 మెగాహెర్ట్జ్ వైఫైకి తెరిచారు. 2.4లో ఉన్నది మొత్తం 83.5 మాత్రమే. 6 గోడల దగ్గర 5 కన్నా కాస్త ముందే చతికిలబడుతుంది. కిక్కిరిసిన భవనంలో అదీ మేలే, పక్కింటి గోల మీదాకా రాదు. కానీ రౌటర్‌కూ ల్యాప్‌టాప్‌కూ వైఫై 6ఈ లేదా 7 (ఇవి వైఫై తరాల పేర్లు, గిగాహెర్ట్జ్ కాదు) ఉండాలి, విండోస్ అయితే 11 ఉండాలి. ఇక్కడ కొన్న పాత ల్యాప్‌టాప్‌కు 6 అసలు కనిపించదు. దానికోసం కొత్త రౌటర్ కొనడం దండగ.

2.4ను పూర్తిగా ఆపేయకండి. చవక స్మార్ట్ ప్లగ్గులు, పాత ప్రింటర్లు చాలావాటికి అదొక్కటే తెలుసు. అన్ని బ్యాండ్లకూ ఒకే పేరుంటే అవి ఎక్కక సతాయిస్తాయి, మీ ఫోను ఎందులో ఉందో మీకూ తెలియదు. సెట్టింగుల్లో పేర్లు విడగొట్టండి: దగ్గర కూర్చుని వాడేవి 5లో, ప్లగ్గులూ ప్రింటరూ 2.4లో. రౌటర్‌ను టీవీ వెనకో, బట్టల అల్మారాలోనో దాచకుండా అందరి గదులకూ మధ్యలో, కాస్త ఎత్తున పెట్టండి.

కొన్ని అపార్ట్‌మెంట్లలో ఇంటర్నెట్ అద్దెలోనే కలిసి ఉంటుంది, అప్పుడు సెట్టింగులు మీ చేతిలో ఉండవు. సంతకం పెట్టే ముందే లీజు ఆఫీసులో ఆ సంగతి అడగండి. రౌటర్ ఎక్కడ బిగించారో కూడా చూసుకుని, వీలైతే ఆ పక్క గది మీరే తీసుకోండి.