కాపడం పెట్టాలా, ఐసు పెట్టాలా?

ఈ నెల ఉత్తరాల్లో ఎక్కువ భాగం కోరాపుట్, రాయగడ వైపు మనవాళ్లవే. కొండమీద చలి ముదిరింది కదా, అటకల మీంచి కుంపట్లూ, వేడినీళ్ల సంచులూ అన్నీ కిందికి దిగినట్టున్నాయి.

ప్రశ్న: మా అబ్బాయి ఫుట్‌బాల్ ఆడుతూ చీలమండ బెణికించుకుని వచ్చాడు. మా అత్తగారు వెంటనే నూనె పెట్టి రుద్ది, ఉప్పు మూటతో కాపడం పెట్టారు. తెల్లారేసరికి కాలు బూరెలా పొంగింది. కాపడం మంచిదే కదండీ, మరి ఇలా ఎందుకైంది? (జయపురం)

మంచిదేనమ్మా, వేళ కాని వేళ పెట్టారు, అంతే. కాలు మెలికపడినప్పుడు ఎముకల్ని కలిపి పట్టుకుని ఉండే పట్టీలు సాగిపోతాయి, ఒక్కోసారి కాస్త చిరుగుతాయి, చుట్టూ ఉన్న సన్నటి రక్తనాళాలు చిట్లుతాయి. అప్పుడు వేడి తగిలిస్తే నాళాలు ఇంకా వెడల్పయి అక్కడికి రక్తం ఎక్కువగా వస్తుంది, వాపు పెరుగుతుంది. రుద్దుడు సంగతి చెప్పక్కర్లేదు, చిరిగినదాన్ని ఇంకాస్త చింపడమే. మొదటి రెండు రోజులూ చల్లదనమే వాడండి. ఐసు ముక్కలు తువ్వాల్లో చుట్టి 15 నుంచి 20 నిమిషాలు పెట్టి తీసేసి, రెండు మూడు గంటలయ్యాక మళ్లీ పెట్టొచ్చు. ఫ్రిజ్ లేకపోతే కుండనీళ్లలో ముంచి పిండిన గుడ్డయినా కొంత హాయినిస్తుంది. గుడ్డ అడ్డం లేకుండా ఐసు నేరుగా పెట్టారంటే చర్మం దెబ్బతింటుంది. ఐసు ముఖ్యంగా నొప్పిని మొద్దుబారుస్తుంది, అది పెట్టేస్తే వాపు మాయమైపోతుందనుకోకండి. క్రేప్ బ్యాండేజీ కట్టి, కాలు రెండు దిండ్ల మీద ఎత్తుగా పెట్టించండి. మీ అత్తగారిని ఏమీ అనకండి, వాపు దిగాక కండరాలు బిగుసుకుపోయినప్పుడు ఆవిడ ఉప్పు మూటే బాగా పనికొస్తుంది. అబ్బాయి నాలుగడుగులు కూడా వేయలేకపోతున్నా, చీలమండ ఎముక మీద నొక్కితే విలవిల్లాడుతున్నా ఎక్స్‌రే తీయించండి.

ప్రశ్న: అమ్మకి 70 దాటాయి, చాలా ఏళ్లుగా షుగర్ ఉంది. కాళ్లు మంచుముద్దల్లా ఉన్నాయంటూ రాత్రంతా వేడినీళ్ల సంచి పాదాల దగ్గర పెట్టుకునే పడుకుంటుంది. సాయంత్రాలు బొగ్గుల కుంపటి ముందు కూర్చుంటుంది. వద్దంటే "నాకేం కాలట్లేదురా" అంటుంది. (సెమిలిగుడ)

ఆ "కాలట్లేదు" అన్న మాటే నన్ను భయపెడుతోంది బాబూ. షుగర్ చాలా ఏళ్లున్నవాళ్లకి పాదాల్లో నరాలు దెబ్బతిని స్పర్శ తగ్గిపోతుంది, కొందరికి పాదాలు మామూలు వెచ్చగా ఉన్నా చల్లగా అనిపిస్తుంటాయి కూడా. అంటే వెచ్చదనం కావాలని కాలు అడుగుతూనే ఉంటుంది, ఎక్కువైందని మాత్రం చెప్పదు. పొక్కి, పుండై, దుప్పటికి తడి అంటుకున్నాక గానీ తెలియని కేసులు ఫిజియోథెరపీ పనిలో ఉన్న మాలాంటివాళ్లం చూస్తూనే ఉంటాం.

మరుగు నీళ్లే కాలుస్తాయి, గోరువెచ్చనివి ఏం చేస్తాయిలే అనుకుంటాం. కానీ చర్మం కాల్చడానికి 60 డిగ్రీల నీళ్లకి ఐదు సెకన్లు చాలు, 49 డిగ్రీలకి ఓ పది నిమిషాలు పడుతుంది, 44 డిగ్రీలయితే దాదాపు ఆరు గంటలు ఒకేచోట ఆనుకుని ఉండాలి. ఈ లెక్క 1947లోనే తేల్చారు. 44 డిగ్రీలంటే చేతికి హాయిగా తగిలే వేడే, ఆరు గంటలంటే మీ అమ్మగారి రాత్రి నిద్ర. స్పర్శ ఉన్నవాళ్లు నిద్రలోనే కాలు లాగేసుకుంటారు, ఆవిడ లాక్కోలేరు.

ఇంట్లోనే ఒక చిన్న పరీక్ష చేయండి. అమ్మగారిని కళ్లు మూసుకోమని, రెండు పాదాలకీ బొటనవేలు, మధ్యవేలు, చిటికెనవేలు చివర్లని మీ వేలితో ఊరికే అలా తాకించి, ఒకటి రెండు సెకన్లుంచి తీసేయండి. నొక్కొద్దు, గీకొద్దు. తగిలినప్పుడల్లా చెప్పమనండి. ఆరు వేళ్లలో రెండు చోట్లయినా చెప్పలేకపోతే స్పర్శ తగ్గిందనే లెక్క, డాక్టరుకి చూపించాలి, ఇక పాదాలకి వేడి అనేదే పెట్టకూడదు.

మరి చలికేం చేయాలి అంటారా? పడుకోవడానికి అరగంట ముందు సంచి పక్కలో పెట్టి దుప్పటి కప్పేయండి, అమ్మగారు పడుకునేటప్పుడు సంచి తీసేయండి. పక్క వెచ్చగా ఉంటుంది, కాలికి ఏదీ తగలదు. వదులుగా ఉండే ఉన్ని మేజోళ్లు తొడగండి. కాళ్లు కడిగే నీళ్లు ఎంత వేడున్నాయో ఆవిడ పాదంతో కాదు, మీ మోచేతితో చూడండి. వేళ్ల సందులతో సహా పాదాలు రోజూ ఒకసారి మీరే చూడండి. రెండు పాదాలూ కాక ఒక్కటే చల్లబడినా, రంగు మారినా అది చలి కాదు, రక్తం సరిగా అందట్లేదేమో, ఆ రోజే చూపించండి.

కుంపటి ముందు రోజూ కూర్చునేవాళ్ల పిక్కల మీద వల పరిచినట్టు ముదురురంగు గీతలు వస్తాయి, ఎన్ని సబ్బులు పెట్టి తోమినా పోవు. కశ్మీరులో కాంగ్డీ అని నిప్పుల బుట్టని ఫెరన్ అనే పొడవాటి వదులు అంగీ లోపల పెట్టుకునే అలవాటుంది, ఏళ్ల తరబడి అలా వాడిన కొందరికి అదే చోట చర్మ క్యాన్సర్ కూడా వచ్చింది. కాబట్టి దూరంగా కూర్చోమనండి. రాత్రి తలుపులన్నీ బిగించిన గదిలో మాత్రం కుంపటి వద్దే వద్దు. బొగ్గుల నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కి రంగూ లేదు, వాసనా లేదు, నిద్రలోనే ప్రాణం తీస్తుంది. బాలింత మంచం కింద కుంపటి పెట్టే ఇళ్లవాళ్లకీ ఇదే మాట.

ప్రశ్న: నెలసరి నొప్పికి మా అమ్మాయి హాట్ వాటర్ బ్యాగ్ పెట్టుకుంటుంది. వేడి చేసి రక్తస్రావం ఎక్కువవుతుందని పెద్దవాళ్లు తిడుతున్నారు. (రాయగడ)

ఏమీ ఎక్కువవదు, పెట్టుకోనివ్వండి. గర్భాశయ కండరం బిగుసుకోవడం వల్ల వచ్చే నొప్పి అది, పొత్తికడుపుకి సుమారు 40 డిగ్రీల వెచ్చదనం తగిలితే చాలామందికి మాత్ర వేసుకున్నంత ఉపశమనం ఉంటుందని పరిశోధనల్లోనూ తేలింది. బ్యాగ్ వాడకం మాత్రం నేర్పండి. పొయ్యి మీంచి దించిన నీళ్లు అలాగే పోసేయకుండా కాస్త చల్లారనిచ్చి, మూడింట రెండు వంతులు నింపి, మెల్లగా నొక్కి గాలి తీసేసి బిరడా బిగించాలి. తలకిందులు చేసి కారట్లేదని చూసుకుని, తువ్వాలు చుట్టి 15–20 నిమిషాలు పెట్టుకుంటే చాలు. బ్యాగ్ రబ్బరు మడతపెట్టినచోట పగుళ్లు కనిపిస్తే మొహమాటపడకుండా పారేయండి, కొత్తది కొనడం కాలిన కడుపుకి వైద్యం కన్నా చవక. నెలనెలా నొప్పి పెరుగుతూ కాలేజీ మానేసే దాకా వస్తే గైనకాలజిస్టుని కలవాలి.

ప్రశ్న: మూడేళ్ల బాబుకి జలుబు. ఆవిరి పట్టించొచ్చా? (దామన్‌జోడి)

వద్దు. జలుబుకి ఆవిరి చేసే మేలు అంతంతమాత్రం, పిల్లాడు గిన్నె తన్నేస్తే జరిగేది మాత్రం ఘోరం. ముక్కులో సెలైన్ చుక్కలు వేయండి. ఎగశ్వాస వస్తే ఆలస్యం చేయకండి.

ప్రశ్న: గారెలు వేస్తుంటే చేతిమీద నూనె చిందింది. ఒకరు టూత్‌పేస్ట్ అన్నారు, ఒకరు ఇడ్లీ పిండి, ఇంకొకరు ఐసు. ఏది రైటు? (పర్లాకిమిడి)

మూడూ కాదండీ. కుళాయి తిప్పి, మామూలు చల్లటి నీళ్ల కింద 20 నిమిషాలు చెయ్యి పెట్టడమే. పొయ్యి కట్టేసి, స్టూలు వేసుకుని కూర్చోండి, రెండు నిమిషాలకే విసుగొస్తుంది, అయినా కదలకండి. వెంటనే కుదరకపోయినా మూడు గంటల్లోపు పెడితే ఉపయోగమే. ఐసు వల్ల అప్పటికే దెబ్బతిన్న చర్మానికి రక్తం అందడం తగ్గి గాయం ఇంకా ముదురుతుంది, పేస్టూ పిండీ అంటుకుపోయి వాటిని గీకలేక డాక్టరు తిట్టుకుంటాడు. గాజులూ ఉంగరాలూ వాపు రాకముందే తీసేయండి. పొక్కు చిదపకండి. కాలినచోటు మీ అరచేతి కన్నా పెద్దదైనా, తెల్లగా పాలిపోయి నొప్పే తెలియకపోయినా, ముఖం మీదో వేళ్ల కీళ్ల మీదో అయినా ఆసుపత్రికి వెళ్లండి, గారెలు మర్నాడు వేసుకోవచ్చు.