వడ్డించేది ఎవరో చూసుకో, అల్లుడూ

ఫ్రిస్కో, టెక్సస్

చిరంజీవి మేనల్లుడికి మామయ్య ఆశీస్సులు.

నీ వాట్సాప్ మెసేజ్ నిన్న రాత్రి చూశాను. ఆఫీసులో పన్నెండు మంది కలిసి అమెరికన్ ఫుట్‌బాల్ (ఎన్ఎఫ్ఎల్) మీద ఫ్యాంటసీ లీగ్ పెట్టుకున్నారని, అసలు ఆటల్లో ఆటగాళ్ళు చేసినదాన్నిబట్టి మీకు పాయింట్లని, తలా యాభై డాలర్లని, ఆటగాళ్ళని వంతులవారీగా ఎంచుకునే డ్రాఫ్ట్ వచ్చే ఆదివారమని రాశావు. "ముప్పై దాటిన పెద్ద రిసీవర్లు కొత్త టీముల్లో కనిపిస్తున్నారు, నాక్కూడా తెలిసిన పేర్లే, తీసుకోనా వద్దా మామయ్యా" అని అడిగావు. (రిసీవర్ అంటే విసిరిన బంతిని పట్టేవాడు.) ఫోన్లో రెండు ముక్కల్లో తేల్చేద్దామనుకున్నాను. కానీ ఈ ఆటలో నేను పోగొట్టుకున్న డబ్బులో సగం ఇలాంటి పేర్ల మీద పోగొట్టుకున్నదే. అందుకే కూర్చుని రాస్తున్నాను. మీ అత్తయ్య పక్కనుంచి చూసి, "వాడి పెళ్ళి సంబంధాల గురించి ఎప్పుడైనా ఇంత పెద్ద ఉత్తరం రాశారా" అంటోంది.

ముందు నా బాగోతం చెబుతాను. జూలియో జోన్స్ అని అట్లాంటా ఫాల్కన్స్‌కి ఆడేవాడు. 2015లో పట్టిన బంతులతో 1,871 యార్డులు ముందుకెళ్ళాడు. ఆ ఏడాది నుంచీ నాకు అతనంటే ఒక రకమైన పిచ్చి. 2021 జూన్‌లో అతన్ని టెనెస్సీ టైటన్స్‌కి ట్రేడ్ చేశారు. వయసు 32. మా లీగ్‌లో అందరూ కాస్త వెనకాడుతుంటే నేను నాలుగో రౌండ్‌లో ఎగిరి పట్టుకున్నాను, ఏదో పొలం బేరం కుదిరినట్టు. ఆ సీజన్‌లో ఆడినవి పది ఆటలు, 31 క్యాచ్‌లు, 434 యార్డులు, ఒక్కటంటే ఒక్క టచ్‌డౌన్ (బంతితో గోల్ లైన్ దాటడం). ఆ ఒక్కటీ ఎప్పుడొచ్చిందో తెలుసా? పద్దెనిమిదో వారంలో. మా లీగ్ పదిహేడో వారంతోనే అయిపోయింది. టీవీ ముందు కూర్చుని చూశాను. నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

తప్పు అతనిది కాదు, నాది. కళ్ళ ముందున్నవి చూడలేదు. అంతకు ముందు ఏడాది హ్యామ్‌స్ట్రింగ్, అంటే తొడ వెనక కండరం, పట్టేసి తొమ్మిది ఆటలే ఆడాడు. టైటన్స్‌లో డెరిక్ హెన్రీ అనే రన్నింగ్ బ్యాక్ (బంతి చేతబట్టి పరిగెత్తేవాడు) 2020లో పరుగు మీదే 2,027 యార్డులు చేశాడు. అంటే బంతి విసరడం కన్నా హెన్రీ చేతిలో పెట్టడమే ఆ టీమ్‌కి ఇష్టం. విసిరే కొద్దిపాటి బంతుల్లోనూ ఏజే బ్రౌన్ అనే కుర్రాడి వాటా పోగా మిగిలేది జూలియోకి. ఇంకో తమాషా ఏమిటంటే, ఆ ఆటతీరుని నడిపించిన కోచ్ ఆర్థర్ స్మిత్ అదే ఏడాది టైటన్స్‌ని వదిలి ఫాల్కన్స్‌కి, అంటే జూలియో వదిలొచ్చిన ఇంటికే, హెడ్ కోచ్‌గా వెళ్ళిపోయాడు. ఇవన్నీ పేపర్లో ఉన్న సంగతులే. నేను మాత్రం పేరు చూసి మురిసిపోయాను.

కాబట్టి అల్లుడూ, మనిషి ఎంత గొప్పవాడో కొలవకు. అతని వైపు ఎన్ని బంతులు వస్తాయో లెక్కేసుకో. ఐపీఎల్ చూసినవాడివి, నీకు తేలిగ్గానే అర్థమవుతుంది. పాత టీమ్‌లో ఓపెనింగ్ చేసి పరుగులు దంచినవాడిని కొత్త టీమ్ ఆరో నంబర్లో దింపితే, బ్యాటు అదే, చెయ్యి అదే, ఆడే బంతులు మాత్రం పన్నెండో పదిహేనో. ఇక్కడ బంతి విసిరే క్వార్టర్‌బ్యాక్ ఒక రిసీవర్ వైపు విసిరిన ప్రతి బంతినీ 'టార్గెట్' అంటారు. పట్టినా పట్టకపోయినా లెక్కలోకి వస్తుంది. నువ్వు మొదట చూడాల్సిన కాలమ్ అదే.

ఒకే ట్రేడ్ ఇద్దరు పెద్దమనుషుల తలరాతలు ఎలా మార్చిందో చెబుతాను. పైగా కథ మీ షార్లెట్ నుంచే మొదలవుతుంది. 2023లో మీ ఊరి టీమ్ పాంథర్స్, కాలేజీ కుర్రాళ్ళని ఎంచుకునే ఎన్ఎఫ్ఎల్ డ్రాఫ్ట్‌లో మొదటి పిక్ కోసం తమ ప్రధాన రిసీవర్ డీజే మూర్‌ని కూడా కలిపి షికాగో బేర్స్‌కి ఇచ్చేశారు. ఆ పిక్‌తో బ్రైస్ యంగ్ అనే కుర్ర క్వార్టర్‌బ్యాక్‌ని తెచ్చుకున్నారు. మూర్ వెళ్ళిపోతే అతని వైపు వెళ్ళే బంతులు ఎవరికి? అప్పుడే మిన్నెసోటా వైకింగ్స్ వదిలేసిన ఆడమ్ థీలెన్ వచ్చి ఆ చోట్లో కూర్చున్నాడు. అతనికి అప్పుడు 33 ఏళ్ళు. అంతకు ముందు సీజన్‌లో 70 క్యాచ్‌లు, 716 యార్డులే. అందరూ అయిపోయాడనుకున్నారు. పాంథర్స్ ఆ ఏడాది రెండంటే రెండు ఆటలే గెలిచారు, కొత్త కుర్రాడు కిందా మీదా పడ్డాడు, అయినా థీలెన్ 103 క్యాచ్‌లు పట్టి 1,014 యార్డులు చేశాడు. ఓడే టీమ్ వెనకబడి ఉంటుంది కనుక బంతి విసరక తప్పదు. విసిరితే పట్టేవాళ్ళలో నమ్మదగినవాడు ఆయనొక్కడే.

ఇప్పుడు రెండో ఆయన. కీనన్ ఆలెన్, లాస్ ఏంజిలిస్ చార్జర్స్. 2023లో పదమూడు ఆటల్లోనే 108 క్యాచ్‌లు, 1,243 యార్డులు. 2024 మార్చిలో బేర్స్‌కి ట్రేడ్ అయ్యాడు. అక్కడ ఎవరున్నారు? మన షార్లెట్ నుంచి వెళ్ళిన డీజే మూర్. చాలదన్నట్టు బేర్స్ అదే ఏడాది మొదటి రౌండ్‌లో రోమ్ ఒడూన్జే అనే ఇంకో రిసీవర్‌ని తెచ్చారు. బంతి విసిరేది కొత్తగా వచ్చిన కేలబ్ విలియమ్స్. ఆలెన్ పదిహేను ఆటలాడి 70 క్యాచ్‌లు, 744 యార్డులతో సరిపెట్టుకున్నాడు. ఆటకి ఎనిమిది పైచిలుకు పట్టేవాడు ఐదు లోపుకి దిగిపోయాడు. చెయ్యి చెడిపోలేదు, టచ్‌డౌన్లు రెండేళ్ళూ ఏడేసి. విస్తరి ముందు జనం ఎక్కువయ్యారు, అంతే.

క్రితం సీజన్‌లో కూపర్ కప్ సంగతీ ఇంతే. 2021లో క్యాచ్‌లు, యార్డులు, టచ్‌డౌన్లు మూడింట్లోనూ ఎన్ఎఫ్ఎల్‌లో మొదటివాడు. 2025లో రామ్స్ టీమ్ వదిలి సియాటిల్ వెళ్ళాడు. అక్కడ జాక్సన్ స్మిత్-ఎన్జిగ్బా ఒక్కడే 1,793 యార్డులు లాగేశాడు. కప్‌కి 593 మిగిలాయి. టీమ్ సూపర్ బౌల్, అంటే ఫైనల్, గెలిచింది, కప్‌కి విజేతల ఉంగరం వచ్చింది. ఫ్యాంటసీలో అతన్ని నమ్ముకున్నవాడికి మాత్రం ఏమీ రాలేదు.

సరే, బంతులు ఎన్ని అన్నది అయ్యాక విసిరేది ఎవరు అన్నది చూడు. వడ్డించేవాడు మనవాడైతే కడపంక్తిలో కూర్చున్నా పరవాలేదని మన పెద్దలు ఊరికే అనలేదు. (బంతి భోజనానికీ ఈ బంతికీ సంబంధం లేకపోయినా సామెత అచ్చంగా అతుకుతుంది.) డవాంటే ఆడమ్స్ 2022లో గ్రీన్ బే నుంచి రైడర్స్‌కి వెళ్ళినప్పుడు, ఆరన్ రాడ్జర్స్ లాంటి క్వార్టర్‌బ్యాక్‌ని వదిలి వెళ్తున్నాడు, పడిపోతాడన్నారు. కానీ రైడర్స్‌లో విసిరేది డెరెక్ కార్, కాలేజీలో ఇద్దరూ కలిసి ఆడినవాళ్ళు. సరిగ్గా వంద క్యాచ్‌లు, 1,516 యార్డులు, 14 టచ్‌డౌన్లు. మరుసటి ఏడాది కార్ వెళ్ళిపోయాడు. ఆడమ్స్ క్యాచ్‌లు తగ్గలేదు, ఇంకా మూడు ఎక్కువే పట్టాడు. యార్డులు 1,144కి, టచ్‌డౌన్లు ఎనిమిదికి జారాయి. మనిషి అదే, జెర్సీ అదే, వడ్డించే చెయ్యి మారింది.

ఇక్కడ నేను క్రితం ఏడాది చేసిన ఇంకో తప్పు ఒప్పుకోవాలి. 2025లో ఇదే ఆడమ్స్ రామ్స్‌కి వెళ్ళాడు. కప్ ఖాళీ చేసిన చోటు. వయసు 32. నేను పైన చెప్పిన లెక్కే వేశాను: పూకా నాకువా ఉన్నాడు, బంతులు అతనికే పోతాయి, ఆడమ్స్ యార్డులు తగ్గుతాయి, వద్దు. యార్డుల విషయంలో నా లెక్క తప్పలేదు, 789 మాత్రమే. కానీ టచ్‌డౌన్లు 14! ఎన్ఎఫ్ఎల్ మొత్తంలో రిసీవర్లందరికన్నా ఎక్కువ. అక్టోబరులో లండన్ వెంబ్లీలో జాగ్వార్స్‌తో ఆట. మాకు ఆదివారం పొద్దున్న ఎనిమిదిన్నరకి, ఉప్మా ప్లేటు చేతిలో పట్టుకుని చూస్తున్నాను. నాకువా ఆ రోజు ఆడలేదు. ఆడమ్స్ పట్టినవి ఐదు, మొత్తం 35 యార్డులు, అందులో మూడు టచ్‌డౌన్లు. అవతల అతన్ని పెట్టుకున్నవాడితోనే ఆ వారం నా పోటీ. ఉప్మా చల్లారిపోయింది.

ఆ తర్వాత అతని ఆట పనిగట్టుకుని చూశాను. బంతి గోల్ లైన్‌కి రెండు మూడు యార్డుల దూరంలో ఉంటుంది. ఆడమ్స్ ఓ పక్కన ఒంటరిగా నిలబడతాడు, ఎదురుగా ఒక్క డిఫెండర్. స్నాప్ కాగానే, అంటే బంతి క్వార్టర్‌బ్యాక్ చేతికి అందగానే, పరిగెత్తడు. ఎడమ కాలు లోపలికి వేసినట్టే వేస్తాడు, భుజం వంచుతాడు. ఎదుటివాడి మడమ అటు తిరుగుతుంది. ఈయన ఈలోపు బయటి మూలకి జారుకుంటాడు. మాథ్యూ స్టాఫర్డ్ విసిరిన బంతి అప్పటికే గాల్లో ఉంటుంది. అక్కడ వేగంతో పనిలేదు, మొదటి అడుగుతోనే పని. వయసు తీసుకెళ్ళేది దూరపు పరుగుని. అడుగు, చెయ్యి, ఎదుటివాడి మనసు చదవడం, ఇవి ఇంకొన్నాళ్ళు ఉంటాయి. అందుకని నీ లిస్టులో ఉన్న పెద్దాయన పరుగు మీద బతికినవాడా, అడుగు మీద బతికినవాడా అని యూట్యూబ్‌లో పది నిమిషాలు చూసి తేల్చుకో. ఈ పది నిమిషాలూ నేను పెట్టలేదు.

మీ లీగ్ పాయింట్లు ఎలా ఇస్తుందో కూడా అడుగు. క్యాచ్‌కి ఒక పాయింటు, పది యార్డులకి ఒకటి, టచ్‌డౌన్‌కి ఆరు అన్నది మామూలు లెక్క. ఆ లెక్కన క్రితం ఏడాది ఆడమ్స్‌కి 223 దాకా వచ్చాయి. కాలి శస్త్రచికిత్స తర్వాత పేట్రియాట్స్‌కి వెళ్ళిన స్టెఫాన్ డిగ్స్ 85 క్యాచ్‌లు, 1,013 యార్డులు, నాలుగు టచ్‌డౌన్లతో 210 చేశాడు. ఇద్దరూ ఇంచుమించు సమానం. క్యాచ్‌కి పాయింటు లేని లీగ్‌లో అయితే ఆడమ్స్ 163, డిగ్స్ 125. అదే మనుషులు, అదే సీజన్. నేనైతే క్యాచ్‌ల మీద బతికేవాడినే ముందు పట్టుకుంటాను. టచ్‌డౌన్లు ఒక ఏడాది వచ్చినన్ని మరుసటి ఏడాది వస్తాయన్న గ్యారంటీ లేదు.

ప్రాక్టీస్ వార్తల గురించి ఒక మాట. ఆగస్టులో "కొత్త టీమ్‌లో కుర్రాడిలా పరిగెడుతున్నాడు" అని రాసేవి వదిలెయ్. హ్యామ్‌స్ట్రింగ్ అన్న మాట కనిపిస్తే మాత్రం ఆగి చదువు. ఇందులోనూ మినహాయింపులున్నాయి. 2007లో రాండీ మాస్ ముప్పయ్యో ఏట పేట్రియాట్స్‌కి వచ్చి అదే హ్యామ్‌స్ట్రింగ్‌తో ప్రీసీజన్ అంతా కూర్చున్నాడు. మొదటి ఆటలోనే 183 యార్డులు, సీజన్ ముగిసేసరికి 23 టచ్‌డౌన్లు, రికార్డు. కానీ విసిరింది టామ్ బ్రేడీ. అలాంటివి పాతికేళ్ళలో ఒకటి చూశాను. దాన్ని నమ్ముకుని డ్రాఫ్ట్ చెయ్యకు.

సీజన్ మొదలయ్యాక బుధ, గురు, శుక్రవారాల ఇంజురీ రిపోర్ట్ చూడు. పెద్దవాళ్ళకి బుధవారం సెలవిస్తారు, దానికి టెన్షన్ పడకు. శుక్రవారం కూడా ప్రాక్టీస్ చెయ్యలేదంటే బెంచ్ మీద పెట్టెయ్. డిసెంబరుకి ఎలాగూ ఇంకొకడిని సిద్ధం చేసుకో. క్రితం ఏడాది ఆడమ్స్‌తో నన్ను కొట్టినవాడు ప్లేఆఫ్స్‌కి చేరేసరికి ఆడమ్స్‌కి హ్యామ్‌స్ట్రింగ్ పట్టేసింది, రెగ్యులర్ సీజన్ చివరి మూడు ఆటలూ లేడు. థీలెన్ కూడా అంతే, ఆ ఏడాది అతని నాలుగు టచ్‌డౌన్లూ అక్టోబరు దాటకముందే అయిపోయాయి. కాబట్టి పెద్దాయన మొదటి ఐదారు వారాలు అదరగొడితే మురిసిపోకుండా, లీగ్‌లో నాలాంటి పేర్ల పిచ్చోడు ఎవడున్నాడో చూసి, ఒక కుర్రాడికి మార్చుకో. వాడు నీకు థాంక్స్ కూడా చెబుతాడు.

ధర విషయానికొస్తే, పన్నెండు మంది లీగ్‌లో మొదటి ఐదు రౌండ్లలో ఇలాంటివాళ్ళ జోలికి పోకు. ఆరో రౌండ్ నుంచి, అదీ చోటు ఖాళీగా ఉన్న టీమ్‌కి వెళ్ళినవాడైతేనే, ఒక్కడిని తీసుకో. ఇద్దరిని వద్దు.

ఆదివారం డ్రాఫ్ట్ మధ్యలో ఫోన్ చెయ్యకు. ఆ టైమ్‌కి మా లీగ్ డ్రాఫ్ట్ కూడా ఉంది, నాకు తొమ్మిదో పిక్. నీ లిస్టు శనివారం రాత్రిలోగా పంపితే చూసి పెడతాను. అక్కని అడిగానని చెప్పు.

ఇట్లు
మీ మామయ్య